చెసపీక్ నుంచి బహామాస్‌కు సొంత తెరచాప పడవ: లోపలి కాలువా, తీరం వెంటా, నడిసముద్రమా?

అమెరికా తూర్పు తీరంలో, ముఖ్యంగా చెసపీక్ అఖాతం చుట్టుపక్కల మేరీలాండ్, వర్జీనియాల్లో స్థిరపడి, సొంతంగా ఒక తెరచాప పడవ కొనుక్కొని చలికాలానికి బహామాస్ చేరాలనుకునే వారి ముందు మూడు దారులు ఉన్నాయి. నార్ఫోక్ దగ్గర మొదలయ్యే ఇంట్రాకోస్టల్ వాటర్‌వే అనే లోపలి జలమార్గాన్ని పట్టుకొని ఫ్లోరిడా దాకా దిగి, అక్కడి నుంచి ఒక్క పగలు సముద్రం దాటడం మొదటిది. వాతావరణం అనుకూలించినప్పుడల్లా ఒక రేవు నుంచి బయటికి వెళ్లి, ఒకటి రెండు రాత్రులు సముద్రంలో గడిపి, దక్షిణాన మరో రేవులోకి ప్రవేశిస్తూ తీరం వెంట సాగడం రెండోది. చెసపీక్ ముఖద్వారం దాటగానే నేరుగా నడిసముద్రంలోకి వెళ్లి, ఆరేడు రోజుల్లో బహామాస్‌లోని అబాకో దీవులకో, పది పన్నెండు రోజుల్లో ఇంకా కింద కరీబియన్‌లో ఉన్న వర్జిన్ దీవులకో చేరడం మూడోది. చాలామంది ముందు పడవను చూసి మనసు పడి, కొనేసిన తరువాత దారి గురించి ఆలోచిస్తారు. ఆ క్రమాన్ని తిప్పివేయాలన్నదే ఇక్కడి సలహా. ఏ నీటిలో తిరగబోతున్నామో తేలితే, కీల్ (పడవ అడుగున నీటిలోకి దిగి ఉండే రెక్క) లోతు, కొయ్య (తెరచాపలు కట్టే స్తంభం) ఎత్తు, పడవ బరువు, వెంట ఉండవలసిన మనుషుల సంఖ్య చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

లోపలి జలమార్గం

కోరమాండల్ తీరం వెంట బకింగ్‌హాం కాలువను చూసిన వారికి ఈ మార్గం స్వభావం తేలికగానే అర్థమవుతుంది. సముద్రానికి సమాంతరంగా ఉన్న నదులను, ఉప్పుటేరులను, విశాలమైన కయ్యలను తవ్విన కాలువలతో కలుపుతూ పోవడమే రెండింటిలోనూ జరిగిన పని. నార్ఫోక్ దగ్గర సున్నాగా మొదలయ్యే మైలు లెక్క మయామీ దగ్గరికి వచ్చేసరికి 1,095 దాకా వెళ్తుంది. ఇవి నాటికల్ మైళ్లు కావు, రోడ్డు మీద లెక్కించే మామూలు మైళ్లు. ఈ తేడాను మరిచిపోయి రోజుల లెక్క వేస్తే దాదాపు పదిహేను శాతం తప్పుతుంది.

పగలు మాత్రమే నడిచి, సాయంత్రానికి లంగరు వేసుకునే పడవ రోజుకు నలభై నుంచి అరవై మైళ్లు పోగలదు. గాలివానకు ఆగిన రోజులు, మరమ్మతులకు ఆగిన రోజులు కలుపుకుంటే నెల పైగానే పడుతుందనుకోవడం మంచిది. ఈ దూరంలో అత్యధిక భాగం తెరచాప మీద కాక ఇంజిను మీదే గడుస్తుంది. ఐదున్నర నాట్ల (గంటకు అన్ని నాటికల్ మైళ్ల) వేగంతో పోతూ, గంటకు ముప్పాతిక గ్యాలన్ డీజిలు తాగే ముప్పై అయిదు అడుగుల పడవకు మయామీ దాకా దాదాపు 170 గంటల ఇంజిను పరుగు, 130 గ్యాలన్ల డీజిలు అవసరమవుతాయి. అందువల్ల ఈ దారిని ఎంచుకున్నవారు పడవ కొనేటప్పుడు తెరచాపల వయసు కన్నా ఇంజిను పరిస్థితిని, దాని దగ్గరికి చేయి పెట్టే వీలును ఎక్కువగా పరిశీలించాలి. నీటి పంపు మార్చడానికి మెట్లు, అరలు ఊడదీయవలసిన పడవ ఈ మార్గంలో ఓపికను గట్టిగానే పరీక్షిస్తుంది.

ఈ దారి పడవ మీద పెట్టే షరతులు రెండు, ఒకటి పైన, ఒకటి కింద. పై షరతు వంతెనలది. ఎత్తుగా, కదలకుండా కట్టిన వంతెనల కింద 65 అడుగుల ఖాళీ ఉండాలన్నది ప్రమాణం. ఉత్తర కరోలినాలో 126వ మైలు దగ్గరున్న విల్కర్సన్ వంతెన దానికి ఒక అడుగు తక్కువ. మయామీలోని జూలియా టటిల్ వంతెన కింద 56 అడుగులే ఉన్నందున, అంతకు మించిన కొయ్య ఉన్న పడవలు ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర సముద్రంలోకి వెళ్లి మయామీ మొగ (సముద్రంలోకి తెరుచుకునే ద్వారం) ద్వారా లోపలికి రావలసిందే. ఆల్బిమార్ల్, పామ్లికో ప్రాంతంలో నీటిమట్టం చంద్రుడి వల్ల కాక గాలి వల్ల పెరిగి తగ్గుతూ ఉంటుంది. వరుసగా రెండు రోజులు ఒకే దిక్కు నుంచి గట్టి గాలి వీస్తే వంతెన కింది కొలత కాగితం మీద ఉన్నట్టు ఉండదు. కొయ్య చివర యాంటెనా, దీపం కూడా కలుపుకొని 63 అడుగులు మించని పడవను ఎంచుకుంటే ఈ చింత తప్పుతుంది. అమ్మేవారు చెప్పే కొయ్య ఎత్తులో యాంటెనా చేరి ఉండకపోవచ్చు కాబట్టి టేపు పెట్టి కొలిపించాలి.

కింది షరతు లోతుది. ఈ మార్గాన్ని నిర్వహించేది అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం. నార్ఫోక్ నుంచి ఫోర్ట్ పియర్స్ దాకా 12 అడుగులు, అక్కడి నుంచి మయామీ దాకా 10 అడుగులు అన్నది చట్టం ప్రకారం ఉండవలసిన లోతు. మొగలు దగ్గరున్న చోట ఇసుక మేట వేయడం వల్ల, తవ్వకాలకు డబ్బు సమయానికి అందకపోవడం వల్ల వాస్తవం వేరుగా ఉంటుంది. జార్జియాలో హెల్ గేట్, లిటిల్ మడ్ రివర్, జెకిల్ క్రీక్ అనే పేర్లు వినగానే ఈ దారిలో తిరిగినవారు పోటు సమయం చూసుకుంటారు. అక్కడ ఆటుకూ పోటుకూ మధ్య తేడా ఏడు నుంచి తొమ్మిది అడుగులు ఉంటుంది కాబట్టి, ఆటు సమయంలో అసాధ్యమైన చోటు నీరు సగానికి పైగా ఎక్కాక సులువుగా దాటవచ్చు. నీరు ఎక్కుతున్నప్పుడు ఇసుకలో దిగబడితే కాసేపటికి పడవ తనంతట తానే తేలుతుంది. తగ్గుతున్నప్పుడు దిగబడితే పన్నెండు గంటలు ఒరిగి పడుకోవలసి రావచ్చు. సైన్యపు ఇంజనీర్లు చేసిన తాజా లోతుల సర్వేలను పటం మీద చూపే ఆక్వా మ్యాప్ వంటి యాప్, చిక్కుకున్న పడవను లాగి తెచ్చే బోట్‌యుఎస్ లేదా సీ టో వంటి సంస్థల్లో సభ్యత్వం ఈ దారిలో విలాసాలు కావు.

అయిదు అడుగులు మునిగే పడవ ఈ మార్గంలో హాయిగా సాగుతుంది. అయిదున్నర దాకా జాగ్రత్త చాలు. ఆరు దాటితే ప్రతిరోజూ ఆటుపోట్ల పట్టిక చూసి బయలుదేరే గంట నిర్ణయించుకోవాలి. గ్రేట్ డిస్మల్ స్వాంప్ కాలువ మీదుగా వెళ్లాలనుకునే వారికి ఈ నియమం ఇంకా కఠినం. 1805లో తెరుచుకున్న ఆ కాలువలో ఉంచే లోతు ఆరు అడుగులే, అడుగున మొద్దులు కూడా ఉంటాయి. దాన్ని బానిసలుగా ఉన్న నల్లజాతి కూలీలు పారలతో తవ్వారన్న సంగతి, రెండు పక్కలా చెట్లు కమ్ముకున్న ఆ నిశ్చలమైన నల్లటి నీటి మీద పోతున్నప్పుడు గుర్తుంచుకోదగ్గది. తొందరలో ఉన్నవారు, లోతైన కీల్ ఉన్నవారు గ్రేట్ బ్రిడ్జ్ లాకు మీదుగా వెళ్లే వర్జీనియా కట్ దారినే తీసుకోవాలి.

తీరం వెంట అంచెలంచెలుగా

బయటి దారిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న హాట్టెరాస్ అగ్రం. చెసపీక్ ముఖద్వారం నుంచి ఆ అగ్రం దాకా లోతైన పడవ నమ్మకంగా ఆశ్రయం పొందగల రేవు లేదు. మధ్యలో ఉన్న ఓరిగాన్ మొగలో ఇసుక నిరంతరం కదులుతూ అలలు విరుగుతుంటాయి. అగ్రం నుంచి డైమండ్ షోల్స్ అనే ఇసుకతిన్నెలు సముద్రంలోకి మైళ్ల కొద్దీ చొచ్చుకుపోయి ఉంటాయి. వాటికి కొద్ది దూరంలోనే గల్ఫ్ స్ట్రీమ్ అనే బలమైన సముద్ర ప్రవాహం ఉత్తరానికి ఉరుకుతూ ఉంటుంది. ఉత్తరం నుంచి గాలి ఎదురుగా వీస్తే ఆ ప్రవాహం మీద అలలు నిట్టనిలువుగా లేస్తాయి. అట్లాంటిక్ శ్మశానం అని ఆ ప్రాంతానికి పేరు రావడానికి కారణం ఇదే.

అందుకే అనుభవం ఉన్న చాలామంది ఈ ఒక్క ముక్కను లోపలి నుంచే దాటుతారు. నార్ఫోక్ నుంచి ఉత్తర కరోలినాలోని బోఫోర్ట్ దాకా ఉన్న రెండు వందల మైళ్ల పైచిలుకు దూరాన్ని జలమార్గంలో నాలుగైదు రోజుల్లో పూర్తి చేసి, బోఫోర్ట్ మొగ నుంచి సముద్రంలోకి వెళ్తారు. పెద్ద ఓడలు వచ్చిపోయే ఆ మొగ లోతైనది, గుర్తులు స్పష్టంగా ఉన్నది. అక్కడి నుంచి ఫ్రయింగ్ పాన్ షోల్స్‌ను దూరంగా చుట్టి చార్లెస్టన్ చేరడానికి సుమారు 200 నాటికల్ మైళ్లు. అయిదు నాట్ల వేగానికి నలభై గంటలు. వాయవ్యం నుంచి మోస్తరు గాలి ఉన్న రెండు రోజులు దొరికితే ఇంజిను ఆపి తెరచాప మీదే పోవచ్చు, జలమార్గంలో అయిదారు రోజులు పట్టే దూరం తీరిపోతుంది. గల్ఫ్ స్ట్రీమ్ ఎదురు ప్రవాహం కాబట్టి దానికి పశ్చిమంగా, తీరం వైపునే ఉండాలి.

ఈ పద్ధతికి మూలాధారం మంచి మొగలు. చార్లెస్టన్, జార్జియా సరిహద్దున సెయింట్ మేరీస్, ఫ్లోరిడాలో కేప్ కెనావరల్, ఫోర్ట్ పియర్స్, లేక్ వర్త్ వంటి ఓడల రేవుల్లోకి రాత్రి అయినా గుర్తులు పట్టుకొని రావచ్చు. సెయింట్ ఆగస్టీన్ ఊరు ఎంత అందమైనదైనా దాని మొగలో ఇసుక మారుతూ ఉంటుంది. తెలియని వారు పగటి వెలుగులో, సముద్రం ప్రశాంతంగా ఉన్నప్పుడే అక్కడికి రావాలి. తూర్పు గాలి బలంగా వీస్తూ, లోపలి నీరు ఆటుతో బయటికి పరుగెత్తే సమయంలో ఏ మొగ అయినా ప్రమాదకరమే. అటువంటప్పుడు బయటే ఉండి ఆరు గంటలు ఆగగలగడం నిజమైన నావికత్వం. ఈ ఓపిక లేనివారికి తీరం వెంట ప్రయాణం నడిసముద్ర ప్రయాణం కన్నా ప్రమాదకరమని నా అభిప్రాయం, ఎందుకంటే పడవలను విరిచేది ఎక్కువగా నేల, నీరు కాదు.

పడవ విషయంలో ఈ దారి కోరేది సమతూకం. కనీసం ఇద్దరు వంతులవారీగా రాత్రి కాపలా కాయగలగాలి, నమ్మదగిన ఆటోపైలట్ ఉండాలి, దగ్గరికి వచ్చే ఓడలను చూపే ఏఐఎస్ పరికరం ఉండాలి. రాత్రిపూట కాక్‌పిట్ దాటి ముందుకు వెళ్లేవారు నడుముకు తాడు కట్టుకొని తీరాలనే నియమం ఉండాలి. ఐరోపా ప్రమాణాల్లో బి తరగతి, అంటే గాలి బలాన్ని కొలిచే బోఫోర్ట్ కొలమానంలో 8వ స్థాయి గాలిని, నాలుగు మీటర్ల అలలను తట్టుకోగలదని ధ్రువీకరించిన పడవ ఈ పనికి చాలు. అంతకన్నా పైదైన 'ఎ' తరగతి ఉన్నా అభ్యంతరం లేదు. కాటలీనా 36 వంటి సాధారణ కుటుంబ పడవలు ఏటా ఈ దారిలో దక్షిణానికి వెళ్లి వస్తూనే ఉన్నాయి. అదే నమూనాలో రెక్క కీల్ ఉన్నది సుమారు నాలుగున్నర అడుగులు మునిగితే, లోతైన కీల్ ఉన్నది ఆరడుగులకు దగ్గరగా మునుగుతుంది. గాలికి ఎదురు పోవడంలో లోతైనది మెరుగు. అయినా బహామాస్ తిన్నెల మీద పది అడుగుల నీటిలో తిరగబోయే వారికి మొదటిదే సరైనది.

నేరుగా నడిసముద్రానికి

మూడో దారి ఆకర్షణ కాదనలేనిది. నవంబరు మొదట్లో, ఒక చలిగాలి పొర దాటిపోయిన వెంటనే చెసపీక్ నుంచి బయలుదేరి, గాలిలో ఉత్తరపు పాలు లేని సమయం చూసి గల్ఫ్ స్ట్రీమ్‌ను వీలైనంత త్వరగా అడ్డంగా దాటేస్తారు. వర్జిన్ దీవులకు వెళ్లేవారు ఆగ్నేయంగా సాగి, దాదాపు 65వ పశ్చిమ రేఖాంశం దాకా తూర్పును సంపాదించుకొని, వ్యాపార పవనాలు అందాక దక్షిణానికి తిరుగుతారు. ఆ రేఖను నావికులు సరదాగా ఐ-65 హైవే అంటారు. దూరం 1,300 నుంచి 1,500 నాటికల్ మైళ్లు. ముందే దక్షిణానికి తిరిగినవారికి ఆ వ్యాపార పవనాలే చివరి రోజుల్లో ముఖానికి ఎదురవుతాయి.

చిక్కైన సంగతి కాలం. తుపానుల రుతువు అధికారికంగా నవంబరు 30 దాకా ఉంటుంది. ఆలస్యం చేస్తే ఉత్తరపు శీతాకాల గాలులు తరచూ, బలంగా వస్తాయి. ఈ రెంటి నడుమ దొరికే నాలుగైదు రోజుల అవకాశం కోసం బంధువుల పెళ్లి, ఆఫీసు సెలవు, విమానం టిక్కెట్టు అన్నీ ఆగవలసి ఉంటుంది. తేదీకి కట్టుబడిన మనుషులతో ఈ దారిలో బయలుదేరకూడదు. భీమా సంస్థలు తుపానుల కాలంలో పడవ ఎక్కడ ఉండాలో, నడిసముద్ర ప్రయాణంలో అనుభవజ్ఞులు ఎందరు ఉండాలో షరతులు పెడతాయి. భార్యాభర్తలిద్దరే ఉన్న పడవకు మూడో మనిషి కావాలని అడగడం మామూలే.

పడవ మీద ఇక్కడ అడగవలసిన ప్రశ్నలు వేరు. 1970లలో వచ్చిన వెస్ట్‌సెయిల్ 32 వంటి బరువైన, నిడుపైన కీల్ ఉన్న పడవలు అలల్లో మెల్లగా, ఊహించదగినట్టు కదులుతాయి. పొట్టి కొయ్య వల్ల వంతెనల బాధ కూడా ఉండదు. కానీ తేలికపాటి గాలిలో అవి దాదాపు నిలబడిపోతాయి, రేవులో వెనక్కి నడపడం ఒక విద్య. అయితే నలభై, యాభై ఏళ్ల పడవను దాని పేరు చూసి కాదు, కొయ్యను పట్టి నిలిపే ఉక్కు తీగలు ఎప్పుడు మార్చారు, ఆ తీగలను పడవకు బిగించే చెయిన్‌ప్లేట్లు అనే లోహపు పట్టీల చుట్టూ నీరు దిగిందా, ఇంధనం ట్యాంకు తుప్పు పట్టిందా అన్న ప్రశ్నలతో కొలవాలి. పది పదిహేనేళ్లు దాటిన తీగలతో నడిసముద్రానికి వెళ్లడం నడిసముద్రానికి తగిన పడవ అనే బిరుదును వృథా చేస్తుంది. తరువాతి తరానికి చెందిన పసిఫిక్ సీక్రాఫ్ట్ 34, నాలుగున్నర అడుగులే మునిగే ఐలాండ్ ప్యాకెట్ 35 వంటివి లోపలి దారికీ బయటి దారికీ పనికొస్తాయి. వీటికి చెల్లించే అదనపు ధర సమంజసమైనదే, అయితే బయటి దారిలో నిజంగా వెళ్లేవారికి మాత్రమే.

సామగ్రిలో ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ ఈపిర్బ్, తనిఖీ గడువు దాటని ప్రాణరక్షక తెప్ప, కరెంటు అవసరం లేని గాలి చుక్కాని లేదా రెండో ఆటోపైలట్, ఉపగ్రహం ద్వారా వాతావరణ సమాచారం తప్పనిసరి. వీహెచ్‌ఎఫ్ రేడియో తీరం నుంచి పాతిక మైళ్లు దాటాక ఒడ్డుకు వినిపించదని నమ్మి సిద్ధపడాలి. చుక్కాని విరిగితే ఏం చేయాలో రేవులోనే ఒకసారి చేసి చూడాలి. భారత నౌకాదళపు తారిణి పడవ మీద 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా భూమిని చుట్టివచ్చిన ఆరుగురు మహిళల్లో విశాఖపట్నానికి చెందిన స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య ఉన్నారు. ఏళ్ల తరబడి మాదేయి అనే నౌకాదళపు తెరచాప పడవ మీద తర్ఫీదు పొందిన ఆ బృందం కూడా తిరుగు ప్రయాణంలో చుక్కాని యంత్రాంగం చెడిపోయి మారిషస్‌లో ఆగవలసి వచ్చింది. అంతటి సన్నద్ధత ఉన్న యాభై అయిదు అడుగుల పడవకే జరిగినది, మనం ఎవరి నుంచో కొనుక్కున్న పాత పడవకు జరగదనుకోవడానికి ఆధారం లేదు.

హుస్సేన్ సాగర్ మీద చిన్న పడవలు నడిపినవారికి గాలి స్పర్శ బాగా తెలుస్తుంది, అది ఎక్కడికీ పోదు. ఆటుపోట్లు, రాత్రి కాపలా, దారి లెక్క మాత్రం కొత్తగా నేర్చుకోవలసిందే. అమెరికాలో ఏఎస్‌ఏ (అమెరికన్ సెయిలింగ్ అసోసియేషన్) వారి 101, 103, 104 పాఠాలు లోపలి దారికి సరిపోతాయి. తీరం వెంట వెళ్లేవారికి 106, నడిసముద్రానికి 108 ఉన్నాయి. మూడో దారి కోరుకునేవారు ముందు వేరొకరి పడవలో సిబ్బందిగా ఒకసారి వెళ్లి రావడం, ఏ పాఠం కన్నా చవకైన పరీక్ష. సముద్రపు వికారం రెండో రోజుకు తగ్గే శరీరమా, అయిదో రోజుకూ తగ్గని శరీరమా అన్నది ఒడ్డున కూర్చుని తెలుసుకోలేం.

కాటమరాన్ అనే జంట దేహాల పడవ సంగతి

కాటమరాన్ల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. బహామాస్‌లో లంగరు వేసి ఉండటానికి వాటంత సుఖమైనవి లేవు, లోతూ తక్కువ. అయితే పెద్దవాటిలో కొన్నిటి కొయ్యలు 65 అడుగులు దాటుతాయి, వెడల్పు వల్ల రేవుల్లో చోటు కష్టం, అద్దె ఎక్కువ. పధ్నాలుగు అడుగుల వెడల్పే ఉండి, సెంటర్‌బోర్డులు (పైకి లాగగల కీల్ పలకలు) ఎత్తితే అడుగున్నరే మునిగే జెమిని 105 లోపలి దారికి చక్కగా నప్పుతుంది, నడిసముద్రానికి నేను సూచించను.

చివరి అంచె, కాగితాలు

మొదటి రెండు దారుల వారికీ గల్ఫ్ స్ట్రీమ్ తప్పదు, కాకపోతే ఒక్క పగలే. మయామీ నుంచి బహామాస్ దీవి అయిన బిమిని సుమారు 45 నుంచి 50 నాటికల్ మైళ్లు. అయిదు నాట్లతో పది గంటలు పడితే, రెండున్నర నాట్ల ప్రవాహం ఆ పది గంటల్లో పడవను పాతిక మైళ్లు ఉత్తరానికి నెట్టుకుపోతుంది. అందుకే గురి బిమినికి కాక దానికి బాగా దక్షిణంగా పెట్టాలి, లేదా ముందే దక్షిణానికి దిగి బయలుదేరాలి. అర్ధరాత్రి దాటాక బయలుదేరితే, సూర్యుడు నెత్తి మీద ఉండి నీటి రంగును బట్టి లోతు తెలిసే వేళకు అవతల చేరవచ్చు.

నా ఎంపిక అడిగితే, ఉద్యోగం నుంచి నాలుగైదు నెలలు సెలవు దొరికిన ఇద్దరు మనుషులకు మొదటి ఏడాది రెండో దారే: బోఫోర్ట్ దాకా లోపల, అక్కడి నుంచి వాతావరణం ఇచ్చినంత మేర బయట, ఇవ్వనప్పుడు మళ్లీ లోపల. దానికి తగిన పడవ ముప్పై రెండు నుంచి ముప్పై ఆరు అడుగుల పొడవు, అయిదు అడుగులకు మించని డ్రాఫ్ట్ (మునిగే లోతు), అరవై మూడు అడుగులకు లోపు కొయ్య, దగ్గరికి చేరదగిన ఇంజిను ఉన్నది. చిన్నపిల్లలు, పెద్దవారు వెంట ఉంటే, లేదా రాత్రి సముద్రం ఇష్టం లేకపోతే పూర్తిగా లోపలి దారి తీసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. మూడో దారి, వెళ్లేది బహామాస్‌కు కాక కరీబియన్ దీవులకైతేనే లెక్క గిట్టుబాటవుతుంది.

అమెరికా పౌరసత్వం రాని తెలుగువారు పడవ బేరం కుదుర్చుకొనే ముందే రెండు విషయాలు చూసుకోవాలి. పడవను అమెరికా కోస్ట్ గార్డ్ దగ్గర నమోదు చేయించుకునే హక్కు పౌరులకే ఉంది; గ్రీన్ కార్డు ఉన్నవారు, వీసా మీద ఉన్నవారు రాష్ట్ర రిజిస్ట్రేషన్‌తో వెళ్లాలి. ఇక హెచ్-1బి వారికి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగు గడువు తీరి ఉంటే, కెనడా, మెక్సికోలకు ముప్పై రోజుల లోపు వెళ్లి వచ్చేటప్పుడు దొరికే వెసులుబాటు బహామాస్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు వర్తించదు. పడవ లేక్ వర్త్ మొగలోకి వచ్చాక సరిహద్దు అధికారులకు ఫోనులోని రోమ్ యాప్‌లో రాకను తెలియజేసేటప్పుడు ఆ సంగతి బయటపడటం కన్నా, మేరీలాండ్‌లోని అన్నాపోలిస్‌లో ఉండగానే వకీలుతో మాట్లాడి తేల్చుకోవడం మేలు.